ఎండిన సముద్రం ఉన్న ఊరు

మా ఇంట్లో బీరువాకు తాళం సరిగ్గా పడదు. సంపుకు మాత్రం రెండు తాళాలు. నేల కింద నీళ్ళు నిలవచేసుకునే ఆ సంపు మూత మీద మా ఆయన ఇనుప పట్టీ వేయించి, పట్టీకి తాళాలు వేసి, తాళాల మీద కూడా నమ్మకం చాలక కాలిపోయిన మోటారు ఒకటి తెచ్చి పైన పెట్టాడు. దాన్ని జరపాలంటే ఇద్దరు మగవాళ్ళు కావాలి. ట్యాంకర్ వచ్చి గేటు ముందు హారన్ కొడుతుంటే నేను పక్కింటాయనను బతిమాలి తీసుకురావాలి. ఇంట్లో టబ్బులు లేవు, తొట్టి లేదు, బకెట్లకు మూతలు. మా పిల్లలిద్దరూ పుట్టినప్పటి నుంచి నల్లా కింద మగ్గుతోనే స్నానం చేస్తున్నారు.

కారణం అందరికీ తెలిసిందే. తొర్రూరు దగ్గర వాళ్ళ ఊళ్ళో, ఆయన చిన్నప్పుడు, ఆయన తమ్ముడు చేను దగ్గరి బావిలో పడి చనిపోయాడు. అప్పుడు ఆయన పక్కనే ఉన్నాడు. ఇంతకు మించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అత్తమ్మ, మామ కూడా ఆ మాట ఎత్తరు.

విచిత్రం ఏమిటంటే ఆ మనిషి బతుకుదెరువు నీళ్ళ మీదే. హనుమకొండలో బోరు మోటార్ల వైండింగ్ షాపు నడుపుతాడు. "నీళ్ళు పైపుల ఉన్నంతసేపే మంచియి" అనేది ఆయన సిద్ధాంతం. ఒకసారి ఏటూరునాగారం అడవి చూద్దామని కారు మాట్లాడుకొని వెళ్ళాం. గోదావరి వంతెన రాగానే కారు అద్దాలన్నీ ఎక్కించమన్నాడు. ఏసీ పనిచేయని కారు, మే నెల. వంతెన దాటేసరికి పిల్లలు చెమటతో తడిసిపోయి, అంతకంటే గోదావరిలో ముంచి తీసినా నయమనిపించేలా ఉన్నారు.

అట్లాంటి మనిషి ఇంట్లోకి నేను సముద్రం ఒడ్డున ఉద్యోగం తెచ్చాను.

నేను హనుమకొండలోని ఒక ప్రైవేటు దవాఖానలో స్టాఫ్ నర్సును, ఐసీయూలో. విదేశాలకు పోవడానికి రాయాల్సిన ఇంగ్లిష్ పరీక్ష పడుతూ లేస్తూ పాసయ్యాక, కొచ్చిన్‌లో ఉండే ఏజెన్సీ మేడమ్ ఫోన్ చేసింది. ఐర్లండ్‌లో మూడు ఆసుపత్రులు నన్ను తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నాయట. మూడు వేర్వేరు ఊళ్ళలో. ఏ ఊరో నేను తేల్చుకొని మూడు వారాల్లో చెప్పాలి. కుటుంబాన్ని కూడా వెంట తీసుకుపోవచ్చు. "మూడూ సీ సైడ్ మేడమ్! యూ ఆర్ సో లక్కీ!" అన్నది. నేను ఫోన్ పట్టుకొని మా ఇంటి సంపు వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆ రాత్రి అన్నం తింటూ సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, నేనూ కోప్పడేదాన్ని.

"నువ్వు పో. నేనేం అడ్డం పడ" అన్నాడు. "పిల్లలు మాత్రం సముద్రం కాడికి రారు. నేను చూసుకుంట ఈడ."

పాపకు ఆరేళ్ళు, బాబుకు మూడు. మా వార్డు నుంచి ఒక్కతే విదేశం వెళ్ళిన సిస్టర్ ఒకామె ఉంది. రోజూ వీడియోలో కొడుకును ఆడించేది. సెలవుకు వచ్చి ఎదురుగా నిలబడితే ఆ పిల్లాడు ఆమెకు నమస్తే చెప్పి, అమ్మతో మాట్లాడాలని ఫోన్ అడిగాడట. ఆమె ఆ మాట నవ్వుతూ చెప్పింది కానీ చెప్పాక బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. నేను అట్లా వెళ్ళను. వెళ్తే నలుగురం, లేకపోతే లేదు. అంటే మా ఆయన మనసొప్పుకునే సముద్రం ఒకటి మూడు వారాల్లో దొరకాలి.

మర్నాడు ఆయన ఆ దేశం మ్యాప్ పెద్దగా ప్రింట్ తీయించుకొచ్చాడు. నేల మీద పరిచి, వైండింగ్‌కు వాడే రాగి తీగ ముక్కతో కొలవడం మొదలుపెట్టాడు. ఊరి చుక్క నుంచి నీలం రంగు దాకా ఎంత దూరమో చూద్దామని. తీగకు పనే పడలేదు. మూడు చుక్కలూ నీలం అంచు మీదే కూర్చొని ఉన్నాయి.

"ఇగో, ఇక్కడేమున్నది?" అని మ్యాప్ నడిమధ్యన వేలు పెట్టాడు.

"నాకేమెరుక? గొర్లుంటయేమో."

"ఇక్కడ దవాఖాన పెట్టుమను."

"ఎవలను?"

"ఆ కొచ్చిన్ మేడమ్‌ను."

"ఆమె దవాఖానలు కట్టది, మనుషులను పంపుతది."

ఆయన మ్యాప్‌ను ఇటు తిప్పి, అటు తిప్పి, అంచుల వెంబడి వేలు నడిపించుకుంటూ మొత్తం దేశం చుట్టి మొదటికొచ్చాడు. "ఏ దిక్కు చూసినా ఇదేనానే! జరంత నేలకు ఇన్ని నీళ్ళా?" అని నా మీద కేకలేశాడు, ఆ దేశాన్ని నేనే నీళ్ళలో పెట్టినట్టు.

అప్పుడే పత్తి ఏరడం అయిపోయి అత్తమ్మ, మామ మా ఇంటికి వచ్చి ఉన్నారు. కొడుకు, కోడలు నేల మీద కాగితం వేసుకొని కొట్లాడుకుంటుంటే అత్తమ్మ చూడలేక వ్యవహారం తన చేతిలోకి తీసుకుంది.

"కాయితంల ఏం దెలుస్తది? పిల్లనిచ్చేటప్పుడు ఎట్ల అర్సుకుంటం? ఎవలనన్న తోలి, ఊర్ల అడిగి, ఇల్లు చూసి, అప్పుడు గదా మాటిచ్చేది. నా మనవలను ఇచ్చేకాడ గంతమాత్రం అర్సుకోవద్దా?"

ఆమె చెల్లెలి కొడుకు, అంటే నాకు మరిది, అదే దేశంలో సముద్రానికి దూరంగా ఒక ఊళ్ళో చదువుకుంటూ హోటల్లో పనిచేస్తున్నాడు. వెళ్ళి ఏడాది కాలేదు. ఆ పిల్లాడిని మధ్యవర్తిగా నియమించారు. మంచి సంబంధం కోసం ఎట్లాంటి ప్రశ్నలు అడుగుతారో అత్తమ్మ అవన్నీ ఫోన్లో వరసగా అడిగింది.

"ఊరోళ్ళు ఎట్లాంటోళ్ళు బిడ్డా?"

"మంచోళ్ళే పెద్దమ్మా."

"ఇంతకుముందు ఎవలన్న చూసి, ఒద్దనుకొని పోయిన్రా?"

"ఊరినా పెద్దమ్మా?"

"ఊరినే. ఎన్నేండ్లాయె అది గక్కడ ఉండవట్టి?"

"ఎయ్యేండ్ల పైన అంటరు."

"వయసు జర ఎక్కువనే" అని అత్తమ్మ పెదవి విరిచింది.

చివరికి తేలిందేమిటంటే, మరిది సెలవు రోజుల్లో ఆ మూడు ఊళ్ళకూ వెళ్ళి వీడియోలో చూపిస్తాడు. మేము ఫోన్‌ను టీవీకి కలిపి, ఇక్కడ కూర్చొని చూస్తాం. అచ్చంగా పెళ్ళిచూపులే. అత్తమ్మ సోఫా మీద కొత్త దుప్పటి వేయించింది. మిక్చర్, బూందీ ప్లేట్లలో పెట్టింది. మామ ఇస్త్రీ కండువా వేసుకున్నాడు. పాపకు గౌను, బాబుకు బటన్ల చొక్కా. ఎవరు ఎవరిని చూడబోతున్నారో, ఎవరు ఎవరికి నచ్చాలో నాకు అర్థం కాలేదు కానీ నేను కూడా చీర మార్చుకున్నాను.

శనివారం రెండు ఊళ్ళు చూశాం. మొదటి ఊళ్ళో ఆసుపత్రి గుట్ట మీద ఉంది. చాలా అందంగా ఉంది. మరిది ఉత్సాహం ఆగక గుట్ట అంచుకు వెళ్ళి ఫోన్‌ను కిందికి వంచాడు. కింద, చాలా కింద, సముద్రం తెల్లగా నురగలు కక్కుతూ ఉంది. మా ఆయన లేచి టీవీ ఆపేశాడు. రిమోట్‌తో కాదు, ప్లగ్గే పీకేశాడు. రెండో ఊళ్ళో బజారు మధ్యలోకే సముద్రం వచ్చి పడవలు నిలబడి ఉన్నాయి. కూరగాయల కొట్టుకు ఎదురుగా పడవ. ఆయన బాబు కళ్ళు మూసి, "చాలు, మావాడు భయపడుతాండు" అన్నాడు. బాబు ఆ వేళ్ళ సందుల్లోంచి చూస్తూ బూందీ తింటున్నాడు.

ఆదివారం సాయంత్రం మూడో ఊరు. నేను అప్పటికే ఆశ వదిలేసుకున్నాను. కనీసం దుప్పటి అయినా మడతపెట్టుకుందామని లేస్తుంటే టీవీలో మరిది గొంతు వినిపించింది.

"అన్నా, ఇదే ఆ ఊరు. ఇదే గట్టు. కానీ..."

గట్టు ఉంది. గట్టు మీద బెంచీలు ఉన్నాయి. కింద సముద్రం లేదు. కనుచూపు మేర బురద. నల్లగా, మెత్తగా, మెరుస్తూ. నాలుగైదు పడవలు పక్కకు ఒరిగి, ఎండాకాలం చెరువులో గేదెలు పడుకున్నట్టు పడుకొని ఉన్నాయి.

"సముద్రమేదిరా?" అన్నాడు మా ఆయన, ముందుకు జరిగి.

"లేదన్నా. నేను కూడా ఇప్పుడే బస్సు దిగిన. చూస్తే లేదు."

"ఎండిందా?" అన్నాడు మామ.

"గట్లనే ఉన్నది పెద్దనాయనా."

"వానలు పడలేదా ఈపాలి?"

మరిది గొడుగు కింద నిలబడి ఉన్నాడు. "వాన ఇప్పుడు గూడ పడుతాంది పెద్దనాయనా. ఇక్కడ రోజూ పడుతది."

"మరి నీళ్ళెటు పోయినయ్?" మామ కళ్ళద్దాలు సవరించుకొని టీవీ దగ్గరికి వెళ్ళి, గట్టు పొడవునా పరీక్షగా చూశాడు. "తూము లీకున్నది. మన ఊరి చెరువుకు గిట్లనే అయింది. పట్టించుకునేటోడు లేడు."

నేను సముద్రాన్ని ఒకే ఒక్కసారి చూశాను, నర్సింగ్ చదివేటప్పుడు విశాఖపట్నం టూరులో, ఒక అరగంట. ఆ అరగంటా అది అక్కడే ఉంది. బళ్ళో సోషల్ పుస్తకంలో ఆటుపోట్లు అని రెండు మార్కుల ప్రశ్న చదివిన మాట నిజమే. ఆ రెండు మార్కులు ఆ సాయంత్రం నాకు ఏ మూలా గుర్తు రాలేదు. మా అందరికీ తెలిసింది చెరువు. వానలకు నిండుతుంది, ఎండలకు ఎండుతుంది. ఒకసారి ఎండితే మళ్ళీ వానాకాలం దాకా పిల్లలు అందులో క్రికెట్ ఆడుకుంటారు.

మామ అప్పటికే ఇంకా ముందుకు వెళ్ళిపోయాడు. "అబ్బబ్బ, ఏం మట్టిరా! వెన్నోలె ఉన్నది. చేన్ల కొట్టిస్తే రెండేండ్లు యూరియా ముట్టుకునే పని లేదు. ఎవలు తోల్కపోతలేరా? ఆ శిఖం ఎవల కింద ఉన్నదో అడుగు జర."

చెరువులో నీళ్ళు తగ్గితే బయటపడే నేలను మా దగ్గర శిఖం అంటారు. దాన్ని దున్నుకునే విషయంలో తలలు పగలగొట్టుకున్న ఊళ్ళు ఉన్నాయి. అట్లాంటిది కళ్ళ ముందు అంత శిఖం, ఒక్క నాగలి కూడా లేకుండా. మామకు ఆ దేశం వాళ్ళ మీద జాలి వేసింది.

మా ఆయన మాత్రం ఆ బురదను చూస్తూ కూర్చున్నాడు. ఆయన ముఖంలో అంత నెమ్మది నేను మా పెళ్ళిలో కూడా చూడలేదు. కాసేపటికి నా వైపు తిరిగి, "ఈ ఊరు ఖాయం" అన్నాడు. "నలుగురం పోదాం."

నాకు ఏడుపొచ్చింది. వెంటనే కొచ్చిన్ మేడమ్‌కు ఫోన్ చేద్దామంటే అత్తమ్మ అడ్డుపడింది. అమావాస్య ముందర శుభం మాట చెప్పొద్దట. గడువు ఉంది కదా అని నేనూ ఆగాను.

ఆ వారమంతా మా ఇంట్లో పండగే. ఆయన షాపుకు వచ్చిన ప్రతి రైతుకూ, "మేం పోయేకాడ సముద్రం ఎండిపోయింది" అని సంతోషంగా చెప్పాడు. వాళ్ళు "అయ్యో" అన్నారు. ఒక రైతు అయితే అక్కడ బోరు వేస్తే ఎన్ని ఫీట్లకు పడుతుందో అడిగి, ఇద్దరూ కలిసి ఒక లెక్కకు కూడా వచ్చారు. మామ ఊళ్ళో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి శిఖం సంగతి చెప్పాడు. ఆ చిన్న మామ ఊరుకోలేదు. తన కళ్ళతో చూస్తేనే నమ్ముతానని తరువాతి ఆదివారం బస్సెక్కి వచ్చేశాడు. ఆయన కోసం మరిది మళ్ళీ ఆ ఊరికి వెళ్ళాల్సి వచ్చింది. అదే వేళకు మళ్ళీ దుప్పటి, మళ్ళీ మిక్చర్.

టీవీ వెలిగింది. మొదట మరిది ముఖం కనిపించింది. ఆ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అన్నా" అన్నాడు. "నిండిందన్నా."

ఫోన్ తిప్పాడు. గట్టు అంచు దాకా నీళ్ళు. ఒరిగిన పడవలన్నీ లేచి నిలబడి ఊగుతున్నాయి. మేము చూస్తుండగానే ఒక అల గట్టును తన్ని పైకి లేచి మరిది మీద పడింది. వాడు పెట్టిన కేకకు బాబు చప్పట్లు కొట్టాడు.

"ఎవలురా గేట్లెత్తింది?" అన్నాడు మామ లేచి నిలబడి.

"మత్తడి గూడ దుంకేటట్టున్నది!" అన్నాడు చిన్న మామ. ఎండిన శిఖం చూడడానికి వచ్చి అలుగు పొర్లే చెరువును చూడాల్సి వచ్చింది పాపం.

"మొన్న నువ్వు చూపించింది ఈ ఊరు కాదు" అని మా ఆయన మరిది మీద విరుచుకుపడ్డాడు. "నిజం చెప్పు. ఏ ఊరు చూపించినవ్?"

"నీ మీద ఒట్టన్నా. ఇదే గట్టు. ఇదే బెంచి. మొన్న దీని మీదనే కూసున్న."

"చెల్లెను చూపెట్టి అక్కను కట్టవెట్టుడంటే ఇదే" అని అత్తమ్మ మిక్చర్ ప్లేటు లోపలికి తీసుకుపోయింది.

మా ఆయన బాబును చంకనెత్తుకొని వాకిట్లోకి వెళ్ళి గేటు పక్కన కూర్చున్నాడు. నేను వెనకే వెళ్ళాను. తల ఎత్తకుండానే అన్నాడు, "నువ్వు పో. పిల్లలు రారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ సముద్రాన్ని నేను తెప్పించిన్నా? నీళ్ళు నా మాట ఇంటయా? ఎండితె నాకు మంచిపేరు, నిండితె నా మీద కోపమా?" అని వీధి వినేటట్టు అరిచాను. ఆయన బాబు కాళ్ళకు చెప్పులు తొడుగుతూ కూర్చున్నాడు. వాడు ఎక్కడికీ పోవడం లేదు, అయినా తొడిగాడు.

తన మీద పడిన నింద పోగొట్టుకోవడానికి మరిది అక్కడే కుక్కను తిప్పుతున్న ఒక ముసలమ్మను పట్టుకొని అడిగాడట, ఈ నీళ్ళు ఎప్పుడొచ్చాయని. ఆమె పొద్దున పోయి ఇప్పుడొచ్చాయని చెప్పింది. మళ్ళీ రాత్రికి పోతాయి, రేపు మళ్ళీ వస్తాయి. రోజుకు రెండుసార్లు. ఏ రోజు ఏ వేళకు వస్తాయో, ఏ వేళకు పోతాయో ఏడాది మొత్తానికి ముందే అచ్చువేసి గట్టు మీద అతికించారు కూడా. మరిది దాని ఫోటో పంపాడు. నాకు అప్పుడు గుర్తొచ్చాయి నా రెండు మార్కులు.

మామ మాత్రం నమ్మలేదు. "రోజుకు రెండుసార్లు నిండి రెండుసార్లు ఎండుతదా? గసొంటి చెరువు ఎవలు తవ్విచ్చిన్రు?" అన్నాడు.

మా ఆయన ఆ ఫోటోను చాలాసేపు చూశాడు. వ్యవసాయ కరెంటు విడతలవారీగా ఇచ్చే రోజులు ఆయనకు బాగా తెలుసు. వస్తుందన్న టైముకు రాకపోవడం, పోదన్న టైముకు పోవడం, మోటార్లు కాలడం. ఆ కాలిన మోటార్లతోనే ఆయన షాపు నిలబడింది. సముద్రం కూడా అట్లాంటి అబద్ధాలకోరేనని రుజువు చేద్దామనుకున్నాడు. ఆ ఊరి గట్టు మీద ఎవరో పెట్టిన కెమెరా రాత్రింబవళ్ళు ఇంటర్నెట్‌లో కనిపిస్తుందని మరిది చెప్తే, దాన్ని ఫోన్లో పెట్టుకున్నాడు. ఫోటోలో ఉన్న టైములకు అలారాలు పెట్టుకున్నాడు.

హనుమకొండలో, కాలిన మోటార్ల మధ్య కూర్చొని, ఒక మనిషి ఎక్కడో ఉన్న సముద్రానికి కాపలా కాయడం మొదలుపెట్టాడు. మొదటిరోజు సాయంత్రం అలారం మోగగానే ఫోన్లో చూసి, పట్టరాని ఆశ్చర్యంతో "నీళ్ళొచ్చినయ్!" అని అరిచాడట. మా షాపు వీధిలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఆ కేక వినగానే వీధిలోని ఆడవాళ్ళంతా బిందెలు, బకెట్లు పట్టుకొని నల్లాల మీద పడ్డారు. పది నిమిషాల తరువాత ఖాళీ బిందెలతో షాపు ముందుకు వచ్చి ఆయనను తిట్టిన తిట్లు టీ కొట్టు ఆయన నాకు తరువాత పూసగుచ్చినట్టు చెప్పాడు. మరుసటి రోజు ఆయన మెల్లగానే అన్నాడు, అయినా ఇద్దరు బిందెలతో పరుగెత్తారు.

నాలుగు రోజులు చూశాక, "టైం తప్పుతలేదు" అన్నాడు అయిష్టంగా. నేను ఆశగా చూశాను. "నీళ్ళొచ్చే టైముల పిల్లలను ఇంట్ల పెట్టి తాళమెయ్యాలె" అన్నాడు. ఆ టైములు రోజూ మారుతూ ఉంటాయి కాబట్టి పిల్లల బడి కూడా దాని ప్రకారం మార్చాలట. నీళ్ళున్న పూట మా పిల్లలు రారని హెడ్మాస్టర్‌కు నేను ముందే ఇంగ్లిష్‌లో రాసి పెట్టాలట. ఆయన వేళాకోళానికి అనలేదు. నేను నవ్వలేకపోయాను. గడువు ఎల్లుండితో అయిపోతుంది.

ఆ సాయంత్రం ఆయన సోఫాలో కూర్చొని ఫోన్లో కెమెరా చూస్తున్నాడు. పాప వచ్చి ఆయన భుజం మీద గడ్డం ఆనించి తనూ చూసింది. నీళ్ళు అప్పుడప్పుడే బురద మీదికి పాకుతూ వస్తున్నాయి.

"డాడీ, నీళ్ళొచ్చినప్పుడు తమ్ముడు గా బురదలనే ఉంటే?"

"నేనుంట గద బిడ్డా."

"నువ్వేడుంటవ్?"

"గట్టు మీద ఉంట."

"గట్టు మీదుండి ఏం చేస్తవ్?"

ఆయన ఫోన్‌ను ఒళ్ళో బోర్లా పెట్టాడు. అత్తమ్మ చేతిలో చిక్కుడుకాయలు అట్లాగే పట్టుకొని కూర్చుంది. మామ లేచి బయటికి వెళ్ళిపోయాడు. పాప కాసేపు ఎదురుచూసి ఆడుకోవడానికి వెళ్ళింది. నాకు ఆయన ముఖం చూడాలంటే భయమేసింది.

మర్నాడు నాకు పగటి డ్యూటీ. సాయంత్రం దిగేసరికి ఆయన నుంచి ఫోన్. "పిల్లలను తోల్కొని స్విమ్మింగ్ పూల్ కాడికి రా" అన్నాడు. ఎందుకని అడిగేలోపే పెట్టేశాడు. నేను ఇంటికి వెళ్ళి, పిల్లలను ఎక్కించుకొని, ఆటోవాడికి పూల్ పేరు చెప్పాను. హనుమకొండలోనే పుట్టి పెరిగిన నా పిల్లలు ఆ పూల్ గేటు చూడడం అదే మొదలు.

లోపల కొత్తగా నేర్చుకునేవాళ్ళ బ్యాచ్ నడుస్తోంది. లోతు తక్కువ ఉన్న వైపు, వరసగా ఏడెనిమిదేళ్ళ పిల్లలు. వాళ్ళ మధ్యలో మా ఆయన. మీసాలు, బొజ్జ, పసుపు రంగు రబ్బరు టోపీ. నీళ్ళు ఆయన నడుము దాకా కూడా లేవు. అయినా అంచున ఉన్న రాడ్‌ను రెండు చేతులా ఎట్లా పట్టుకున్నాడంటే, ఆ పూల్‌ను ఎవరో లాక్కుపోతుంటే ఆయన ఆపుతున్నట్టు ఉంది. కోచ్ విజిల్ వేసినప్పుడల్లా పిల్లలందరూ తల ముంచి బుడగలు వదులుతున్నారు. ఆయన మాత్రం నీళ్ళకు జానెడు పైన నోరు పెట్టి గాలి ఊదుతున్నాడు.

"అంకుల్, గాల్ల కాదు, నీళ్ళల్ల!" అని కోచ్ అరిచాడు. పిల్లలు ఆగి చూస్తున్నారు. నా పక్కన చిప్స్ తింటున్న తల్లులు కూడా చూస్తున్నారు. ఆయన కళ్ళు గట్టిగా మూసుకొని తల ముంచాడు.

వెంటనే లేచాడు. ముఖం తుడుచుకున్నాడు. మళ్ళీ ముంచాడు. ఈసారి కొంచెం ఎక్కువసేపు ఉన్నాడు. భయం పట్టలేక నేను గట్టు దగ్గరికి వెళ్ళి, "ఏమయ్యా! చాలు, లెవ్వు!" అని కేకవేశాను. లేవలేదు. ఇంకోసారి వేశాను. తరువాత లేచి, నీళ్ళు కారుతున్న ముఖంతో, నేను అక్కడ ఉన్నానని అప్పుడే చూసినట్టు చూశాడు.

"పిలిచినవా?"

"రెండుమాట్ల పిలిచిన."

"ఇనవడలే." ఆయన రాడ్ పట్టుకొని అక్కడే నిలబడ్డాడు. "లోపల ఏం ఇనవడది. ఏమంటే ఏం ఇనవడది."

"అవును" అన్నాను.

"ఆనాడు నేను గట్టు మీద నిలవడి ఒర్రిన" అన్నాడు. నా వైపు కాకుండా నీళ్ళ వైపు చూస్తూ అన్నాడు. "నేనొస్తాన్నరా, నేనొస్తాన్నరా అని ఒర్రిన. గొంతు పోయేదాక ఒర్రిన. దిగలే. నాకు ఈత రాదు, దిగలే. వాడు ఇన్నడేమో అనుకున్న ఇన్నేండ్లు. అన్న వస్తాండని చూసిండేమో అని."

పిల్లలు మళ్ళీ బుడగలు వదులుతున్నారు. నేను ఆ తడి బండల మీద, యూనిఫాంలోనే కూర్చొని, అందరూ చూస్తుండగా ఏడ్చాను. ఆయన ఏడ్చాడో లేదో నాకు తెలియదు, ముఖమంతా నీళ్ళే. కాసేపటికి ముక్కు చీదుకొని, టోపీ సరిచేసుకున్నాడు.

"ఆ మేడమ్‌కు ఫోన్ చెయ్యి. బురద ఊరే. నలుగురం వస్తానం అని చెప్పు" అన్నాడు. తరువాత నా వెనక తమ్ముడి చెయ్యి పట్టుకొని నిలబడి ఉన్న పాపను చూశాడు. "దాన్ని ఇటియ్యి."

నేను పాప చెప్పులు విప్పి, చంకల కింద చేతులు పెట్టి ఎత్తి నీళ్ళ వైపు వంచాను. ఆయన ముందు ఒక చెయ్యి చాపాడు. అది చాలదని తెలిశాక రెండో చేతిని కూడా రాడ్ మీది నుంచి తీసి, పాపను అందుకున్నాడు.